పడవ నాణేన్ని పెట్టెలో పెట్టించాలా వద్దా

పేము బద్దలు నీళ్లలో నానాలి. నానకపోతే వంచగానే చిట్లుతాయి. మరీ నానితే ఆరాక అల్లిక వదులైపోతుంది. కుర్చీలు అల్లేవాళ్లకు ఆ మధ్యలో కాసేపు చేతికి పని ఉండదు. కొందరు ఆ కాసేపూ టీ తాగుతారు, కొందరు ఎదురు కొట్టువాడితో కబుర్లు చెబుతారు. మా వీధంతా బాబాయి అని పిలిచే కుర్చీల మనిషి మాత్రం నాణేలు చదువుతాడు.

చదవడమనే మాట ఆయనదే. చిన్నవయసులో జ్వరం వచ్చి చూపు పోయింది. ఆ తర్వాత ఇంట్లో ఉన్న ఒక పాత కుర్చీ సీటు విప్పి, ఏ బద్ద ఏ బద్ద కిందనుంచి వచ్చిందో తడిమి తెలుసుకుని, మళ్లీ అల్లి పని నేర్చుకున్నాడు. మొదటిసారి అల్లినదాంట్లో కూర్చున్న వాళ్ల నాన్న సరాసరి నేలమీద తేలాడట. రెండోసారి అల్లినప్పుడు ఆయన నిలబడే మెచ్చుకున్నాడట. ఈ సంగతి బాబాయే అందరికీ చెబుతాడు, తనే ముందు నవ్వుతాడు.

వాళ్ల కొట్టులో పని రెండు భాగాలు. పేము అల్లిక బాబాయిది. మెత్తలు, దూది, గుడ్డ పని ఆయన భార్యది. ఆవిడ మాకందరికీ పిన్ని. కాళ్లు విరిగినా చేతులు ఊడినా ఆ కుర్చీ గోడకు ఇవతల ఉన్న నా వడ్రంగి కొట్టుకు వస్తుంది. మధ్యలో గోడ పేరుకే ఉంది. అటు వాళ్లు తుమ్మితే ఇటు నేను చిరంజీవ అంటాను.

బాబాయి నాణేలన్నీ కుర్చీల్లోనుంచి వచ్చినవే. మెత్తటి వాలుకుర్చీలో మనిషి వెనక్కి వాలితే జేబులోది జారి సీటుకూ వీపుకూ మధ్య సందులోకి పోతుంది. ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. పిన్ని పాత గుడ్డ కోసినప్పుడు దువ్వెన ముక్కలు, పిన్నీసులు, గుండీలు, వాటితోపాటు నాణేలు రాలతాయి. వాటిని కుర్చీతోపాటే ఆ ఇంటికి పంపడం వాళ్ల పద్ధతి. అవతలివాళ్లు నవ్వి, ఉంచుకోమంటే ఉంచుకుంటారు. అలా పోగైనవి ఒక కొయ్యపెట్టెలో గళ్ల గళ్లగా ఉన్నాయి. ఆ పెట్టె మాత్రం నేను చేసిందే.

వాటిలో ఒకటి పడవ నాణెం. పాత వెండిది. బొమ్మ వైపు తెరచాప ఎత్తిన పడవ, బొరుసు వైపు అంచు చుట్టూ చుక్కల వరస. ఇల్లు మారుతున్న ఒక పళ్ల డాక్టరమ్మ బాగుకు పంపిన కుర్చీలో దొరికింది. బాబాయి స్వయంగా తీసుకెళ్లి ఇస్తే ఆవిడ, "ఈ కుర్చీ మా అత్తగారిదండీ. అందులో ఎంతమంది కూర్చున్నారో, ఎవరి జేబులోంచి పడిందో! మీరే ఉంచుకోండి," అందట.

"కడుపు కోసి తీసింది నేను. బిడ్డ మాత్రం ఆయనకి," అంటుంది పిన్ని ఇప్పటికీ.

ఆ నాణెం చేతిలోకి వస్తే బాబాయికి లోకం పట్టదు. బొటనవేలితో తెరచాప అంచు పట్టుకుని కిందికి జారి, తాళ్లమీదుగా పడవలోకి దిగి, అలల దగ్గర ఆగుతాడు. పడవలో ఒక మనిషి కూర్చుని ఉన్నాడని ఆయన వాదన. పిన్ని భూతద్దం పెట్టి చూసింది.

"మనిషీ లేడు, మానూ లేదు. అది తాడు ముడి."

"నీకు కనపడకపోతే వాడేం చేస్తాడే? నీ గొంతు విని కింద దాక్కుని ఉంటాడు."

"మరి మీకెలా దొరికాడు?"

"నేను మెల్లిగా వెళతాను కదా."

మా ఊళ్లో నాణేలు పోగుచేసేవాళ్లకు ఒక సంఘం ఉంది. నెలకోసారి లైబ్రరీ మేడమీద హాల్లో కలుస్తారు. ఆ హాలు కుర్చీలన్నీ అల్లింది బాబాయే. అల్లుతూ వాళ్ల మాటలు విని, ఆ తర్వాతి నెల నుంచి తనూ వెళ్లి కూర్చోవడం మొదలుపెట్టాడు. వాళ్లు మంచివాళ్లే, రమ్మంటారు, టీ ఇస్తారు. కానీ కొత్తవాళ్లెవరైనా వస్తే, "ఈయన మన కుర్చీలు అల్లేది," అని పరిచయం చేస్తారు. బాబాయి నమస్కారం పెట్టి ఊరుకుంటాడు. ఇంటికొచ్చాక పిన్నితో, "ఇవాళ కూడా కుర్చీల మీదే కూర్చోబెట్టారోయ్," అంటాడు. నవ్వుతూనే అంటాడు కానీ, ఆ నవ్వు కాస్త పొట్టిగా ఉంటుంది.

అందుకే ఈ ఏడు సంఘం కార్యదర్శి స్వయంగా కొట్టుకు వచ్చినప్పుడు బాబాయి చేతిలో బద్ద చేతిలోనే ఆగిపోయింది. కార్యదర్శి మందుల కొట్టు నడుపుతాడు. ఏం చెప్పినా రోజుకి ఎన్నిసార్లు వేసుకోవాలో చెబుతున్నట్టే ఉంటుంది.

"బాబాయిగారూ, ఈసారి ప్రదర్శనలో మీకో బల్ల ఇద్దామనుకుంటున్నాం. కుర్చీల్లో దొరికిన నాణేలని. ఇలాంటిది ఎవరి దగ్గరా లేదు."

పిన్ని గోడకేసి కొట్టి, "అబ్బాయ్, ఇలా రా, వింటున్నావా?" అంది నాతో. వింటూనే ఉన్నాను. వెళ్లాను.

"కాకపోతే ఒక్క మాట," అన్నాడు కార్యదర్శి. "పోయినేడు ఎవరో నకిలీది పెట్టారని పెద్ద గొడవైంది కదా. అందుకని పాత వెండివీ బంగారువీ అయితే గ్రేడింగ్ చేయించినవే పెట్టాలని తీర్మానం చేశాం. మీ మిగతావి మామూలువి, వాటినెవరూ అడగరు. పడవ ఒక్కదానికి చేయించండి. అది లేకపోతే బల్ల ఇవ్వడానికి కమిటీ ఒప్పుకోదు."

గ్రేడింగ్ అంటే ఏమిటో పిన్ని అడిగింది. ఆయన విడమరిచి చెప్పాడు. నాణేన్ని ఆ పని చేసే కంపెనీకి పంపాలి. వాళ్లు అసలుదో కాదో చూస్తారు, ఎంత అరిగిందో చూస్తారు, డెబ్బైకి ఇన్ని అని మార్కు వేస్తారు. తర్వాత గట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి అంచులు అతికించేస్తారు. ఇక గాలి తగలదు, చెయ్యి తగలదు.

"చెయ్యి తగలదా?" అన్నాడు బాబాయి.

"అస్సలు తగలదు. అదే కదా దాని గొప్ప."

"మరి నేను చూసుకోవడం ఎలా?"

కార్యదర్శి మొహంలో ఈ ప్రశ్న తనకు ఇంతవరకూ తట్టలేదని తెలిసిపోయింది. తల గోక్కున్నాడు. తర్వాత మెల్లిగా, "నిజం చెప్పాలంటే బాబాయిగారూ, మీరు ముట్టుకున్నప్పుడల్లా అది కొంచెం కొంచెం అరుగుతుంది. దాని మంచికోసమైనా..." అన్నాడు.

"అరిగితే ఎక్కడికి పోయిందయ్యా? నా వేలికే కదా అంటింది," అన్నాడు బాబాయి. అందరం నవ్వాం. నవ్వయిపోయాక కూడా ఆయన బొటనవేలు చూపుడువేలి మీద తిరుగుతూనే ఉంది.

ఆ వారమంతా బాబాయి రెండు మనసులతో ఉన్నాడు. పెట్టెలోకి వెళితే పడవ అద్దాల కింద కూర్చుంటుంది, ఊరంతా వచ్చి చూస్తుంది, చూడనిది ఆయన ఒక్కడే. వెళ్లకపోతే పడవ చేతిలో ఉంటుంది, ఆయన మాత్రం ఆ హాల్లో ఎప్పటికీ కుర్చీల మనిషే. ఒకరోజు పంపేద్దామంటాడు, మర్నాడు వద్దంటాడు. ఒక భోజనాల బల్ల కుర్చీకి గళ్ల అల్లిక వేయబోయి చేపముల్లు అల్లిక మొదలుపెట్టాడు. ఆయన చేతిలో అలాంటి పొరపాటు నేనెప్పుడూ చూడలేదు. సగం విప్పేశాడు.

"మీ మనసు కుదిరేదాకా నా మెత్తలు ముట్టుకోకండి," అంది పిన్ని. "పదండి, తెలిసినవాళ్లని అడుగుదాం."

తెలిసినవాళ్లంటే బస్టాండు వెనక నాణేల కొట్టు ఆవిడ. కొట్టు చిన్నది, ఆవిడ గొంతు పెద్దది. ముగ్గురం వెళ్లాం. ఆవిడ మెత్తటి గుడ్డ పరిచి, నాణేన్ని అంచులు పట్టుకుని దీపం కింద అటూ ఇటూ వంచింది.

"అసలుదే. అనుమానం లేదు. కానీ దీన్ని నీళ్లలో ఎవరు పెట్టారు?"

బాబాయి ఉలిక్కిపడ్డాడు. నాణేలు కడగకూడదని సంఘంలో మొదటిరోజే విన్నాడాయన. తన నాణేలు నీటిచుక్క ఎరగవని అప్పటినుంచి చెప్పుకుంటూ వస్తున్నాడు. కడిగేవాళ్లను తిడతాడు కూడా.

"అమ్మా, నేను జన్మలో కడగలేదు!"

"మరి ఈ మచ్చలు? ఇదిగో, తెరచాప మీద, పడవ పొట్ట మీద. తడి ఆరిన మరకలివి. ఒక్కసారి పడ్డవి కూడా కాదు."

పిన్ని ఒక్క క్షణం ఆలోచించి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు.

"ఏమోయ్, ఎందుకు నవ్వుతావ్?"

"బద్దలు తొట్లో వేసి, సరిగ్గా మునిగాయో లేదో కెలికి, ఆ చేతులతోనే కదండీ నాణేలు తీసేది! కడగలేదట! రోజూ స్నానం చేయించారు!"

కొట్టు ఆవిడ కూడా నవ్వింది. బాబాయి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, తప్పు చేసిన పిల్లాడిలా వాటిని ఒకదాంతో ఒకటి తుడుచుకున్నాడు. తర్వాత ఆయనకే నవ్వొచ్చింది. "అయితే మా పడవ నీళ్లలోనే ఉంది, మేమే గట్టు మీద అనుకున్నాం," అన్నాడు.

"ఇప్పుడు సూటిగా చెప్తాను," అంది ఆవిడ. "అమ్మడానికైతే గ్రేడింగ్ వద్దు. బాగా అరిగింది, మచ్చలున్నాయి, మార్కు గొప్పగా రాదు, ఖర్చు దండగ. అమ్ముతారా?"

"అమ్మను."

"మరి దాచుకోవడానికా?"

"నా దగ్గర దాగే ఉంది కదమ్మా."

"అయితే ఎందుకు?"

పిన్ని అందుకోబోతే బాబాయి ఆవిడ చెయ్యి పట్టి ఆపాడు. "ఆ హాల్లో ఇన్నేళ్లుగా నా సీట్ల మీద అందరూ కూర్చున్నారు. ఒక్కపూట నా బల్ల ముందు నిలబడితే బాగుంటుందని," అన్నాడు.

కొట్టు ఆవిడ ఈసారి నవ్వలేదు. "అది నిజమైన కారణమే," అంది. "చేయించండి."

"చేయిస్తే మళ్లీ ముట్టుకోలేను కదా. పెట్టె అతికించేస్తారట."

"అతికిస్తే ఏం? పగలగొట్టండి."

మేం ముగ్గురం నోళ్లు తెరిచాం.

"మాలో చాలామంది పగలగొడతారు. ఇంకోసారి పంపితే ఇంకో మార్కు ఎక్కువొస్తుందేమోనని ఆశ. పగలగొడితే ఆ మార్కు చెల్లదు, అంతే. మళ్లీ మామూలు నాణెమైపోతుంది. కానీ జాగ్రత్త. గట్టిగా అతుకుతారు. పట్టకారు ఒక్కసారి జారిందంటే నాణెం మీద గీత పడుతుంది. ఆ గీత జన్మలో పోదు. నా చేతిలోనే రెండు పాడయ్యాయి."

తిరుగు బస్సులో బాబాయి హుషారు చూడాలి. "అతుకు అంటే ఏంట్రా అబ్బాయ్? ఒకడు మూసిన చోటు. మూసిన చోటు ఎప్పుడూ మిగతాదానికంటే బలహీనమే. మన పని రోజూ అదే కదా!" అన్నాడు. టికెట్టు ఇవ్వడానికి వచ్చిన కండక్టరుకు కూడా అదే చెప్పాడు. ఆయనకు ఏం అర్థమైందో తెలియదు కానీ, "అవునండీ, బలహీనమే," అన్నాడు.

నాణెం వెళ్లింది. అది లేని రోజుల్లో పేము నానేటప్పుడు బాబాయి చేతులు తొట్టి పక్కన ఊరికే ఉండేవి. మిగతా నాణేలు తీసేవాడు కానీ, ముందు చేతులు తుడుచుకునేవాడు. పిన్ని ఆయన మోకాలి మీద ఒక తువ్వాలు వేసి, పిన్నీసుతో లుంగీకి గుచ్చేసింది.

వచ్చిన పెట్టె అరచేతిలో సగముంది. బాబాయి నాలుగు మూలలూ తడిమాడు. ఊపి చూశాడు, చప్పుడు లేదు. చెవి దగ్గర పెట్టుకున్నాడు. "ఇందులో ఏముందన్నా నమ్మాల్సిందే," అన్నాడు.

"ఎంత వేశారు?" అని నన్నడిగాడు.

పెట్టెలోంచి కనిపిస్తున్న చీటీ చదివాను. ముప్పై అయిదు.

"డెబ్బైకి సగం!" అంది పిన్ని. "బళ్లో మా అన్నయ్యకి కూడా అంతే వచ్చేవి. పాసైనట్టేనండీ."

ప్రదర్శన రోజున బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకుని బల్ల వెనక నిలబడ్డాడు. కార్యదర్శి స్టూలు తెచ్చి ఇస్తే వద్దన్నాడు. బల్ల మీద నాణేలతోపాటు కుర్చీల్లో దొరికిన దువ్వెన ముక్కలు, గుండీలు, ఒక పాలపన్ను కూడా పిన్ని వరసగా పెట్టింది. అవి పెట్టడానికి కమిటీ అనుమతి ఉందా అని ఎవరో అడిగితే, "వాటికి గ్రేడు వేసే కంపెనీ ఇంకా దొరకలేదు," అంది. జనం బాగానే వచ్చారు. ఒక ముసలాయన పడవ ముందు చాలాసేపు నిలబడి, "దీంట్లో మనిషున్నట్టున్నాడే," అన్నాడు. బాబాయి పిన్ని వైపు తిరిగి గట్టిగా దగ్గాడు. పిన్ని ఆ ముసలాయన కళ్లద్దాలు తుడుచుకోవడం మంచిదని నా చెవిలో చెప్పింది.

మధ్యాహ్నం కొత్త సభ్యుడు ఒకాయన వచ్చాడు. కార్యదర్శి ఆయన్ని వెంటబెట్టుకుని, "ఈయన బాబాయిగారు. కుర్చీ నాణేల సేకరణ ఈయనది," అన్నాడు. బాబాయి నమస్కారం పెట్టాడు. ఈసారి ఆ నమస్కారం కాస్త ఆలస్యంగా కిందికి దిగింది.

తర్వాతి ఆదివారం నా కొట్లో పెట్టె పగలగొట్టే పని పెట్టుకున్నాం. అంతకుముందే బాబాయి నాణేల కొట్టు ఆవిడ దగ్గర పనికిరాని పెట్టెలు రెండు అడిగి తెచ్చుకున్నాడు. లోపల చవక నాణేలున్నాయి. మొదటిదాన్ని పట్టకారుతో మూల పట్టి నొక్కితే పెట్టె అడ్డంగా పగిలి, పదునైన ముక్క నాణెం మొహం మీద నిలువునా గీసింది. బాబాయి వేలితో ఆ గీత చూసుకున్నాడు. రెండోదానికి పట్టకారు పక్కన పెట్టి, నా దగ్గర సన్నటి ఉలి అడిగాడు. అతుకు వెంబడి గోరుతో నడిచి, ఒకచోట ఉలి ఆనించి, మెల్లిగా ఒత్తాడు. ఠప్‌మంది. ఇంకోచోట ఆనించాడు. పెట్టె రెండు రేకులుగా విడిపోయింది, నాణెం గుడ్డ మీద పడింది. గీత లేదు.

"అదృష్టమో, పనో ఇంకా తెలీదు," అన్నాడు. పని తెలిసినవాడి మాట అది. ఒక్కసారి బాగా వస్తే నమ్మకూడదు. కానీ మూడో పెట్టె లేదు. ఉన్నది పడవదే.

"నేను చెయ్యనా బాబాయ్?" అన్నాను.

"నీ కన్ను నాణెం మీదికి పోతుందిరా. చెయ్యి దాని వెనకాలే పోతుంది."

"ఏవండీ, గీత పడితే మరి?" అంది పిన్ని. ఆవిడ గొంతులో వేళాకోళం లేదు.

బాబాయి పెట్టెను మడిచిన కంబళి మీద నిలబెట్టాడు. మా కొట్లలో రంపాలు, సుత్తులు అన్నీ ఆపేశాం. మొదటి చోట ఉలి ఆనించి, చెవి వంచి, మెల్లగా ఒత్తాడు. ఏమీ కాలేదు. ఇంకాస్త ఒత్తాడు. ప్లాస్టిక్ కిర్రుమంది, వెంటనే చెయ్యి వెనక్కి తీశాడు. "ఇది అతుకు కాదు, గోడ," అన్నాడు. గోరుతో మళ్లీ వెతికి, వెంట్రుకవాసి పక్కకి జరిగి ఆనించాడు. ఠప్‌మంది. పెట్టె తిప్పాడు. ఇంకో ఠప్. మూడోదానికి పైరేకు లేచింది. చీటీ గాలికి ఎగిరి నా రంపపుపొట్టు కుప్పలో పడింది.

నాణెం ఆయన అరచేతిలోకి జారింది. పిన్ని భూతద్దం అందుకుంది. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, తనే ముందు బొటనవేలితో అంచు చుట్టూ ఒక్కసారి తిరిగాడు. అక్కడే ఆగి ఊపిరి వదిలాడు.

"ఏం? గీత పడిందా?"

"లేదు."

"మరి అలా ఉన్నారేం?"

"చల్లగా ఉందే, మనది కానట్టు. కాస్త వేడెక్కనీ."

పిడికిలి మూసుకుని, మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఇంతలో ఎవరో వాకిట్లో ఊగుడు కుర్చీ దించి, లోపల ఎవరున్నారని కేకేశారు.

"కుర్చీ అక్కడ పెట్టి రేపు రమ్మను," అన్నాడు బాబాయి. "ఇవాళ చేతులు ఖాళీ లేవు."